తూగుట – నిలుచుట
‘బ్యాలెన్సు’ అను మాటకు తెలుగున గల పర్యాయపదముల చరిత్ర

ఏటేట ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో విజయవాడను చేరియున్న గుణదలలో మరియమాత తిరునాళ్ళు జరుగును. 1924లో లూర్దుమాత విగ్రహము నెలకొల్పబడిన నాటినుండి ఈ కొండ కృష్ణాతీరమున పేరుగన్న యాత్రాస్థలమైనది. కొండ పాదమున వెలసెడి అంగళ్ళ నడుమ ఒక పూట నిలిచి జనుల మాటలు ఆలకించినచో భాషావిద్యార్థికి నేర్చుకొనదగినది కొంత దొరకును. మేము అట్లు ఆలకించిన సమయమున ఒకే ఆంగ్లపదము మూడు నోళ్ళ మూడు అర్థములతో వినవచ్చినది. చిల్లర చాలని బొమ్మల అంగడివాడు “ఇరవై రూపాయలు బ్యాలెన్సండీ, తిరిగొచ్చేటప్పుడు తీసుకోండి” అనెను. ప్రక్కనున్న యువకుడు “ఫోనులో బ్యాలెన్సు అయిపోయింది” అనెను. మెట్లపై గంతులు వేయుచున్న బిడ్డతో తల్లి “బ్యాలెన్సు తప్పి పడతావురా, నిదానంగా దిగు” అనెను.

మొదటి మాట ఒకడు మరియొకనికి ఈయవలసిన సొమ్మును చెప్పుచున్నది. రెండవది తన యొద్ద మిగిలియున్న సొమ్మును చెప్పుచున్నది. మూడవది సొమ్ముతో సంబంధము లేనిది, దేహమునకు సంబంధించినది. తెలుగున ఈ మూడింటికి మూడు మాటలు కలవు. మొదటిది బాకీ, రెండవది నిలువ, మూడవది నిలదొక్కుకొనుట. ఒక్క మాట వచ్చి మూడు మాటల చోటు ఆక్రమించినప్పుడు భాషకు కలిగిన లాభమెంత, నష్టమెంత అను ప్రశ్న సహజముగ పుట్టును. దానికి సమాధానము చెప్పుటకు ముందు ఆయా మాటల పుట్టుపూర్వోత్తరములు విచారింపవలసియున్నది. ఆ విచారణయే ఈ వ్యాసమునకు విషయము.

ముందుగా ఆంగ్లపదమును చూతము. లాటిను భాషలో ‘బి’ అనగా రెండు, ‘లాంక్స్’ అనగా పళ్ళెము. రెండు పళ్ళెములు గల తూనికసాధనమునకు బిలాంక్స్ అని పేరు. అది ఫ్రెంచి భాష ద్వారమున ఆంగ్లమున ప్రవేశించి బ్యాలెన్సు అయినది. మొదట సాధనమునకు పేరైన మాట క్రమముగ ఆ సాధనము చూపు సమస్థితికి పేరైనది. వర్తకుల లెక్కలలో జమ ఒక పళ్ళెముగను, ఖర్చు మరియొక పళ్ళెముగను భావింపబడుటచే, రెండింటిని సరిపుచ్చుటకు కావలసిన మొత్తము కూడ బ్యాలెన్సే అయినది. ఈ మొత్తము ఏ పళ్ళెమున పడునను విషయము ఆ మాటలో లేదు. కావుననే అది కలిమిని చెప్పవచ్చును, అప్పును చెప్పవచ్చును. దీనికి తోబుట్టువైన ఈక్విలిబ్రియము అను మాటయు సమమను అర్థము గల ‘ఐక్వుస్’, త్రాసు అను అర్థము గల ‘లిబ్రా’ అను రెండు లాటిను పదముల కలయికయే. ఆంగ్లమున ఈ పదకుటుంబమంతయు పళ్ళెముల చుట్టును తిరుగుచున్నదని దీనివలన తేలుచున్నది.

తెలుగు మాటల తీరు వేరు. తూనికకు సంబంధించిన మన మాటలలో ప్రధానమైన ధాతువు ‘తూగు’. దీనికి వ్రేలాడుట, ఊగుట అనునవి మూలార్థములు. తమిళమున ‘తూంగు’ అనగా వ్రేలాడుట, ఊగుట. నేటి వాడుకలో నిద్రించుట. ‘తూక్కు’ అనగా పైకెత్తుట, తూచుట. కన్నడమున ‘తూగు’ అనగా తూచుట, ఉయ్యెల ఊచుట. తెలుగున తూగుటుయ్యెల యందును, నిద్రమత్తున తూగుట యందును పాత అర్థము నేటికిని నిలిచియున్నది. తూచు, తూకము, తూనిక అనునవి దీనినుండి పుట్టినవే. బరువును చేత వ్రేలాడదీసి ఎంతగ వ్రాలునో చూచుటయే తొలినాటి తూనిక అని ఈ ధాతువు మనకు చెప్పుచున్నది. ఇందు పళ్ళెముల ప్రసక్తి లేదు, కదలిక మాత్రమే కలదు. ఒక బరువునకు మరియొక బరువు ఎదురుగ వ్రేలాడి, ఊగి ఊగి, సరియైన చోట కుదురుకొన్నచో అది ‘సరితూగినది’. అందుచే సరితూగుట అనునది ఒక స్థితి పేరు గాక, ఒక కదలిక ముగిసిన తీరునకు పేరు. కదలిక ఒక వైపునకు వ్రాలినచో దానిని ‘మొగ్గు’ అందురు. బరువు మొగ్గినను, మనసు మొగ్గినను మాట ఒక్కటే.

సాధనముల పేర్లలో ఆంధ్రదేశ చరిత్ర పొరలు పొరలుగ కనబడును. తక్కెడ మన మాట. కన్నడమున తక్కడి కలదు. తుల సంస్కృతము, ‘తుల్’ అను ధాతువునకు ఎత్తుట, తూచుట అని అర్థము. త్రాసు పారసీకమునందలి తరాజు. తెలంగాణమున తరాజు అనియే వినబడును, తమిళమున అది తరాసు అయినది. కాటా హిందీనుండి వచ్చినది. ధాన్యము, మిరపకాయలు, పొగాకు అమ్మెడి చోటులందు ‘కాటా వేయుట’ అనునదే నేడు తెలుగురైతు నోటి మాట. కాటా అను మాటకు మూలము సంస్కృతమునందలి కంటకము, అనగా ముల్లు. త్రాసు నడుమ నిలిచి మొగ్గును చూపు సూచికి తెలుగున కూడ ముల్లు అనియే పేరు. రెండు భాషలవారు వేరువేరుగ ఒకే పోలికను కల్పించుకొనిరో, ఒకరినుండి మరియొకరు గ్రహించిరో నిర్ణయింపనక్కరలేదు. గమనింపవలసినది వేరొకటి కలదు. గుణదల అంగళ్ళలో నేడున్న ఎలక్ట్రానిక్ కాటాలకు పళ్ళెములు రెండు లేవు, ముల్లును లేదు. అయినను వాని పేరు కాటాయే. వస్తువు మారినను మాట దాని జ్ఞాపకమును మోయుచున్నది.

ఈ సాధనమునకు మన దేశమున గల ప్రాచీనత చిన్నది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము తూనికలను, కొలతలను చూచు పౌతవాధ్యక్షుని విధులను వివరించుచు, వివిధ ప్రమాణములు గల తులలను, సమవృత్త అను తులను పేర్కొన్నది. పావురమును కాచుటకై తన మాంసమును తూచి యిచ్చిన శిబిచక్రవర్తి కథ మహాభారతమున కలదు, బౌద్ధ జాతకములలోను కలదు. ఇక్ష్వాకుల రాజధానిగ క్రీ.శ. 3, 4 శతాబ్దులలో వెలుగొందిన నాగార్జునకొండ శిల్పములలో ఆ కథ చెక్కబడినది. రాజులు తమ బరువునకు సరియైన బంగారమును దానము చేయుట తులాపురుషదానము. హంపిలో విఠలాలయమునకు సమీపమున నేటికిని నిలిచియున్న రాతి తులాస్తంభము దాని గురుతు. తిరుమలలో భక్తులు నాణెములు, బెల్లము, చక్కెర మొదలగువానితో తులాభారము తూగుట నేటికిని జరుగుచున్నది. ముత్తరాజు సుబ్బారావు రచించిన శ్రీకృష్ణ తులాభారము నాటకమున సత్యభామ వేషము ధరించి స్థానం నరసింహారావు పొందిన కీర్తి తెలుగువారికి క్రొత్తగ చెప్పనక్కరలేనిది. ఈ రెండు కథలలోను ఒక సమానలక్షణము కలదు. శిబి మాంసమెంత వేసినను పావురము తూగదు. సత్యభామ నగలన్నియు వేసినను కృష్ణుడు తూగడు. తుదకు శిబి తన్ను తానే తక్కెడలో నిలుపుకొనెను. రుక్మిణి ఒక్క తులసీదళము వేసెను. కథకులు తక్కెడను బరువు తెలుపు పనిముట్టుగ మాత్రమే తలపలేదు. ఏది దేనికి సాటియో తెలుపు న్యాయాధికారిగ తలచిరి.

జ్యోతిషమున ఒక విశేషము కలదు. వరాహమిహిరుడు బృహజ్జాతకమున రాశులకు యవనభాషనుండి వచ్చిన పేర్లు కూడ చెప్పెను. అందు తులారాశికి జూకము అని పేరు. ఇది గ్రీకు భాషయందలి ‘జుగోన్’. దానికి కాడి అని అర్థము. సంస్కృతమున కాడి అను అర్థము గల యుగ శబ్దమునకు అది సోదరి. రెండు ఎడ్ల మెడలపై నిలుచు కాడియు, రెండు పళ్ళెములను మోయు దండమును ఒకే రూపమున కనబడినవన్నమాట. మన పల్లెలలో భుజముపై బద్దకు రెండు కొనల కుండలు కట్టి మోయు కావడి కూడ ఇట్టిదే. కావడి మోయువాడు నిలుచుండి తూచుకొనడు, నడచుచు సరిచూచుకొనును. ఒక కుండ వెలితియైనచో బద్దను భుజముపై ఇటో అటో జరుపుకొనును. తూగు ధాతువులో గల కదలిక ఇచట మరల కనబడుచున్నది.

ఇక రెండవ ధాతువు ‘నిలు’. ఆంగ్లమున బ్యాలెన్సు చెప్పు అర్థములలో సగభాగమును తెలుగున ఈ ధాతువే మోయుచున్నది. దేహము పడకుండుట నిలదొక్కుకొనుట. మనస్సు చెదరకుండుట నిలుకడ. లెక్కలో ఖర్చు పోగా మిగిలినది నిలువ. ధాన్యపుకొట్టులో మిగిలినది నిలువ. సంవత్సరమంతయు చెడక యుండు ఊరగాయ నిలువ పచ్చడి. ఇన్నింటియందును అర్థము ఒక్కటియే: పోవలసినది పోగా, చెడవలసినది చెడగా, ఇంకను నిలిచియున్నది. సంస్కృతమునందలి స్థితప్రజ్ఞుడను మాటలో కూడ నిలుచుటయే కలదు కాని తూగుట లేదు.

ఇట తమిళముతో పోల్చి చూచినచో ఒక చిత్రము బయటపడును. అదే ‘నిల్’ ధాతువునుండి తమిళమున ‘నిలువై’ పుట్టినది. దానికి చెల్లింపక నిలిచిపోయిన సొమ్ము, అనగా బకాయి అని అర్థము. తెలుగున నిలువ చేతిలోని సొమ్ము; తమిళమున నిలువై చేతికి రావలసిన సొమ్ము. ఇట్లు ఒకే ధాతువు రెండు భాషలలో రెండు వైపుల మొగ్గినది. కాని ఏ ఒక్క భాషయందును ఆ మాట రెండు అర్థములను ఒకేమారు మోయుట లేదు. అప్పు వేరు, కలిమి వేరు అను భేదము లెక్కలు వ్రాయు జాతికి ప్రాణమువంటిది.

ఆ భేదమును నిలుపుటకు తెలుగువారు పరభాషాపదములను కూడ నేర్పుగ వాడుకొనిరి. అరబ్బీ భాషలో ‘బాకీ’ అనగా మిగిలినది, శాశ్వతముగ ఉండునది. తెలుగున అది తీర్పవలసిన అప్పునకు పేరైనది. మరాఠీలోని శిల్లక్ తెలుగు లెక్కలలో శిలుకు అయి చేతి నిలువను తెలిపినది. జమ అరబ్బీ, ఖర్చు పారసీకము. గోలకొండ సుల్తానుల నాటినుండి కుంఫిణీ ప్రభుత్వము వరకును కచ్చేరీలలోను, అంగళ్ళలోను ఈ మాటలు వ్యాపించినవి. మచిలీపట్టణమున కొంతకాలము ఉద్యోగము చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1852లో తన తెలుగు–ఆంగ్ల నిఘంటువును, 1854లో ఇట్టి అన్యదేశ్యములకు ప్రత్యేకముగ మిశ్రభాషా నిఘంటువును ప్రకటించుటకు కారణము ఇవి నిత్యవ్యవహారమున పాతుకొనిపోవుటయే. ఇవన్నియు కలిసి తెలుగు లెక్కకు ఒక చక్కని భాషను కూర్చినవి. లెక్క ‘తేలును’, తేలినది నిలువయో బాకీయో వెంటనే చెప్పవచ్చును. నీటిపై పడవ తేలినట్లు సత్యము పైకి వచ్చునను భావము ఆ క్రియలో కలదు.

కనుక మేము అన్యదేశ్యములను ద్వేషించుట లేదని పాఠకులు గ్రహింపగలరు. త్రాసు, కాటా, బాకీ అనునవి వచ్చి తెలుగున ఒక్కొక్క చోటున కుదురుకొన్నవి. ఒక భేదమును తెలిపినవి. బ్యాలెన్సు వచ్చి ఉన్న భేదమును చెరుపుచున్నది. “నీ పేర బ్యాలెన్సు అయిదువందలున్నది” అని విన్న వృద్ధురాలు తనకు అయిదువందలు వచ్చునని సంతోషింపవలెనా, తాను అయిదువందలు కట్టవలెనని దిగులుపడవలెనా? నిలువ అన్నచో ఆమెకు సంశయము లేదు. బాకీ అన్నచో అసలే లేదు. ఇది కేవలము పండితుల వాదము కాదు. చదువురాని వారి సొమ్మునకు సంబంధించిన విషయము.

మూడవ కుటుంబము సరి, సమ శబ్దములది. సరి అనగా రెండుగ భాగింపదగినది. దానికి విరుద్ధము బేసి. సరిపోవు, సరిచూచు, సరిపెట్టు, సరితూగు మొదలగునవి దీని సంతానము. సంస్కృతమునుండి సమత, సమత్వము, సామ్యము వచ్చినవి. గీత చెప్పిన సమత్వమును, ఆయుర్వేదము చెప్పిన దోషసామ్యమును మనకు చిరపరిచితములు. ఆధునిక విజ్ఞానశాస్త్రములు తెలుగునకు వచ్చినప్పుడు క్రొత్త పదములు కావలసివచ్చినవి. 1906లో స్థాపింపబడిన విజ్ఞానచంద్రికా మండలి కాలము నాటినుండి, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి వరకును జరిగిన పరిభాషాకృషి ఫలముగ సమతాస్థితి, సమతౌల్యము, సమతుల్యత మొదలగు పదములు పాఠ్యగ్రంథములలో స్థిరపడినవి. రసాయనశాస్త్రమున పురోగామి చర్య వేగమును, తిరోగామి చర్య వేగమును సమానమైనపుడు సమతాస్థితి అనుట సముచితము. అచట రెండు పరిమాణములు నిజముగనే సమానములు.

చిక్కు వేరొక చోట కలదు. సమతుల్యత అను పదమున సమ అన్నను సమానమే, తుల్య అన్నను సమానమే. ఇట్లు రెండుమార్లు సమానత్వమును చెప్పు పదమును సమానత్వము లేని చోట ప్రయోగించుచున్నాము. సమతులాహారము అన్నప్పుడు అన్నము, పప్పు, నూనె, ఉప్పు సమానముగ తినవలెనని అర్థము కాదు. తగు పాళ్ళలో ఉండవలెనని అర్థము. మనుష్యుని మనస్సమతుల్యత అన్నప్పుడు అచట తూచదగిన వస్తువులు రెండు లేవు. మన పెద్దలు నిబ్బరము, నిలుకడ అన్నది దానినే. పాఠ్యపుస్తకమున ఒక ఆంగ్లపదమునకు ఒక తెలుగు పదమను నియమము పరీక్షలకు సుకరము కావచ్చును. కాని అది భాషయందలి వివేకమును క్రమముగ హరించును.

ఇందులకు తార్కాణము కృష్ణాజలములయందే దొరకును. 1852–1855 సంవత్సరములలో బెజవాడ వద్ద ఆనకట్ట కట్టబడి, ఏలూరు కాలువ మొదలగు కాలువలు పారిన పిమ్మట ఈ డెల్టా నేటి రూపమును తాల్చినది. ఆనకట్ట స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి ప్రారంభమైనది. గుణదల మీదుగ పారు ఏలూరు కాలువ నీరు ఆ బ్యారేజి ఎగువన నిలిచిన నీరే. నాగార్జునసాగరమునకు దిగువను, బ్యారేజికి సుమారు 85 కిలోమీటర్ల ఎగువను పులిచింతల జలాశయము 2013 డిసెంబరులో జాతికి అంకితమైనది. దాని నిలువ సామర్థ్యము 45.77 శతకోటి ఘనపుటడుగులు. దీనిని బ్యాలెన్సింగ్ రిజర్వాయరు అందురు. కొందరు సమతుల్య జలాశయమని అనువదింతురు. అచట దేనికి ఏది సమానము? ఎగువనుండి వచ్చిన నీటిని వచ్చిన దినముననే సముద్రము పాలు కానీయక, నారుమళ్ళకును, నాట్లకును కావలసిన దినము వరకు నిలిపి అందించుటయే దాని పని. అనగా అది నిలువ. ఆ చేయునది సర్దుబాటు. సర్దుబాటు జలాశయమన్నచో కాలువ చివరి భూముల రైతునకు దాని ప్రయోజనము పేరులోనే బోధపడును. సమతుల్య జలాశయమన్నచో అతడు ఎవరితో సమానమగునో అతనికి తెలియదు.

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ నగరమున పెక్కు ప్రాంతములను ముంచినది. అదే సమయమున కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద బ్యారేజి వద్దకు వచ్చినది. ఆ ప్రవాహమున కొట్టుకొనివచ్చిన పడవలు తలుపులను ఢీకొని, వాని కౌంటర్ వెయిట్లను దెబ్బతీసినవి. ఆ దినములలో ఈ ఆంగ్లపదము పత్రికల ద్వారమున ఇంటింటను వినబడినది. అది యేమో, అది విరిగినచో ఏమి కీడో పెక్కురకు తెలియలేదు. తలుపు బరువునకు ఎదురుగ నుండి, తక్కువ బలముతో దానిని ఎత్తనిచ్చు బరువే అది. త్రాసున సరుకునకు ఎదురుగ వేయు రాళ్ళను మన వర్తకులు పడికట్టు రాళ్ళందురు. ‘ఎదురు బరువు’ అన్నను, ‘తలుపు పడికట్టు’ అన్నను తక్కెడ నెరిగిన ప్రతివాడును తన ఊరి భద్రతకు సంబంధించిన ఆ సంగతిని వెంటనే గ్రహించియుండును. పడికట్టు అను మాట నేడు పడికట్టు పదములు అను సమాసమున పండితులయొద్ద మిగిలి, అంగడియందు మరుగుపడుచున్నది.

మాటలతో పాటు మానములును మారినవి. 1956 నాటి తూనికలు, కొలతల చట్టము ననుసరించి 1958 అక్టోబరు నుండి మెట్రిక్ తూనికలు ప్రవేశపెట్టబడినవి. వీశె, మణుగు, బారువ అను మానములు క్రమముగ అదృశ్యమైనవి. అది అవసరమైన మార్పు. ఊరికొక తూకముండుట కొనువానికి నష్టము. అయినను ప్రభుత్వ శాఖకు తూనికలు, కొలతల శాఖ అనియే పేరు నిలిచినది. మానము మారినను మాట చెడనవసరము లేదనుటకు ఇది మంచి నిదర్శనము.

ఈ విచారణవలన తేలినదానిని సంగ్రహింతుము. ఆంగ్లము పళ్ళెములను చూచి ఒక మాటను కల్పించి, దానిని అన్ని అర్థములకు విస్తరించినది. తెలుగు కదలికను చూచి తూగు అన్నది, కదలిక ముగిసిన పిమ్మట మిగిలినదానిని చూచి నిలు అన్నది, రెండు పరిమాణములు కలసినచో సరి అన్నది. కావున రెండింటిని పోల్చు చోట సరితూకమును, శాస్త్రమున రెండు పరిమాణములు సమానమైన చోట సమతాస్థితిని, చేతి సొమ్మునకు నిలువను, తీర్పవలసినదానికి బాకీని, దేహమునకు నిలదొక్కుకొనుటను, మనస్సునకు నిలుకడను, పాళ్ళు కుదుర్చుటకు సర్దుబాటును వాడుట తెలుగు స్వభావమునకు అనుగుణము. అధ్యాపకులు ఒకే ప్రతిపదమును వల్లె వేయింపక, వాక్యమునుబట్టి మాటను ఎన్నుకొను నేర్పును విద్యార్థులకు అలవరుపవలెను.

పరిశోధకులకు చేయదగిన పని ఇంకను కలదు. 1962లో నాటి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశము తొలి సంపుటము వ్యవసాయపదములను సేకరించి దారి చూపినది. అదే రీతిని కాటాల వద్దను, కొట్లయందును, కాలువ లాకుల వద్దను, పాత చిట్టా ఆవర్జాలలోను దొరకెడి తూనిక, లెక్కల మాటలను సేకరించినచో, క్రొత్త పదములను కల్పించుటకు ముందు ఉన్న పదములెన్నియో మనకు తెలియగలదు. పళ్ళెముల త్రాసును వాడిన చేతులు ఇంకను ఉన్నవి. ఆ పెద్దలు చెప్పగలిగినపుడే వ్రాసికొనవలెను.

గుణదల మెట్లపై ఆ తల్లి మాట విని బిడ్డ గంతులు మానెను గాని, అడుగు తడబడి మరల ముందునకు తూలెను. అప్పుడు ఆమె నోట అప్రయత్నముగ వెలువడినది వేరొక మాట: “నిలదొక్కుకోరా!” బిడ్డ నిలిచెను.